పారిశుధ్య కార్మికుల పని గాయాలు – నష్టపరిహారం హక్కు

గత యూనిట్‌లో కనీస వేతనాల గురించి చదువుకున్నారు. ఈ యూనిట్‌లో పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి చట్టం ఏమి ఇస్తుందో, దాన్ని రాబట్టుకోవడానికి ఏ దారి ఉందో చూద్దాం. ఇలాంటి పాఠంలో ఫ్యాక్టరీ కార్మికుణ్ని ఉదాహరణగా తీసుకోవడం మన పాఠ్యపుస్తకాల ఆనవాయితీ. నేను మాత్రం ఊడ్చేవారిని, తుడిచేవారిని, చెత్త ఎత్తేవారిని, మురుగు తీసేవారిని ఎంచుకున్నాను. అందుకు ఒక కారణం ఉంది.

కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం సంపర్క తరగతిలో ఇదే విషయం చెబుతున్నాను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాంట్రాక్టరు కింద క్లీనింగ్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్న ఒక అభ్యాసకురాలు లేచి ఒక ప్రశ్న అడిగింది. ఆమె కింద పనిచేసే ఒకావిడ వార్డులో చెత్త కవరు ఎత్తుతుంటే లోపల ఉన్న వాడేసిన సూది వేలికి గుచ్చుకుంది. మేస్త్రి ప్లాస్టరు వేసి, అయిదు వందలు చేతిలో పెట్టి, ‘నాకు ఇక ఏ బాకీ లేదు’ అని రాసిన కాగితం మీద వేలిముద్ర తీసుకున్నాడు. నాలుగు నెలలకు ఆవిడకు కామెర్లు వచ్చాయి. పరీక్ష చేస్తే హెపటైటిస్-బి అని తేలింది. “వేలిముద్ర వేసింది కదా సార్, ఇక ఆమెకు దారి లేనట్టేనా?” అని ప్రశ్న. ముప్పై ఏళ్లు కార్మిక చట్టాలు బోధించిన నేను ఆ రోజు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఈ పాఠంలో ఉంది.

ముందు చట్టం ఏది?

మన దేశంలో ఈ హక్కుకు మూలం 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. అది 1924 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2009 సవరణతో ‘ఉద్యోగుల నష్టపరిహార చట్టం’గా పేరు మారింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి ఈ చట్టాన్ని, ఈఎస్ఐ చట్టాన్ని తనలో కలుపుకొంది. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. నష్టపరిహారం సంగతి అందులో ఏడో అధ్యాయంలో ఉంటుంది. అయినా ఇక్కడ పాత చట్టం సెక్షన్లతోనే చదువుకుందాం. నూరేళ్ల తీర్పులన్నీ ఆ సెక్షన్ల మీదే నిలబడి ఉన్నాయి, కొత్త స్మృతిలోని మాటలు కూడా చాలావరకు అక్కడివే.

మూడో సెక్షన్ గుండెకాయ వంటిది. ఉద్యోగం వల్ల, ఉద్యోగ క్రమంలో జరిగిన ప్రమాదంలో ఉద్యోగికి గాయమైతే నష్టపరిహారం చెల్లించే బాధ్యత యజమానిది. ఇక్కడ మీరు గమనించవలసింది, యజమాని తప్పు చేశాడని కార్మికుడు రుజువు చేయనక్కరలేదు. తడి నేల మీద జారి తుంటి ఎముక విరిగితే ‘నువ్వే చూసుకొని నడవాల్సింది’ అనే మాటకు ఈ చట్టం ముందు విలువ లేదు. అజాగ్రత్త వేరు, ఉద్దేశపూర్వకంగా ఆజ్ఞను ధిక్కరించడం వేరు. తాగి ఉండటం, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ఉల్లంఘించడం, రక్షణ సాధనాన్ని కావాలని తీసి పారేయడం, ఈ మూడు సందర్భాల్లోనే యజమాని తప్పించుకోగలడు. అది కూడా మరణం గాని, శాశ్వత సంపూర్ణ వైకల్యం గాని కలిగితే ఆ వాదన చెల్లదు. ‘గ్లౌజులు వేసుకోలేదు’ అని కాంట్రాక్టర్లు తరచుగా అంటారు. అసలు గ్లౌజులు ఇచ్చారా, ఇస్తే ఎప్పుడిచ్చారు, చిరిగితే మార్చారా అన్నది మనం అడగవలసిన ప్రశ్న.

సూది గుచ్చుకోవడం ప్రమాదమే. తర్వాత వచ్చిన జబ్బు సంగతి ఏమిటి? చట్టానికి మూడో షెడ్యూలు ఉంది. అందులో ‘ఎ’ భాగంలో అంటువ్యాధులు సోకే ప్రత్యేక ముప్పు ఉన్న పనుల్లో వచ్చే వ్యాధులను వృత్తి వ్యాధులుగా చేర్చారు. ఆసుపత్రి పని అలాంటిదే. ఆ వ్యాధి వస్తే దాన్ని ప్రమాదంలో కలిగిన గాయంగానే భావిస్తారు, ఉద్యోగం వల్ల రాలేదని రుజువు చేయవలసిన భారం యజమాని మీద పడుతుంది. కార్మికురాలు ‘ఈ సూది వల్లనే వచ్చింది’ అని ప్రయోగశాల నివేదికలతో నిరూపించనక్కరలేదు. ఈ ఒక్క విషయం తెలియక వదులుకున్న కేసులు నేను చాలా విన్నాను.

యజమాని ఎవరు?

పారిశుధ్య పనిలో ఇదే పెద్ద చిక్కు. ఊడ్చేది మునిసిపాలిటీ వీధి, జీతమిచ్చేది కాంట్రాక్టరు, హాజరు వేసేది మేస్త్రి. దెబ్బ తగిలిన రోజున ముగ్గురూ ఒకరినొకరు చూపిస్తారు. పన్నెండో సెక్షన్ దీనికి సమాధానం. తన వృత్తి వ్యాపారాల్లో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించిన ప్రధాన యజమాని, ఆ కార్మికుడు తన నేరు ఉద్యోగి అయితే ఎంత చెల్లించాలో అంతా చెల్లించాలి. తర్వాత కాంట్రాక్టరు నుంచి వసూలు చేసుకోవడం ఆయన తలనొప్పి. కాబట్టి దరఖాస్తులో ఇద్దరి పేర్లూ పెట్టాలి. ‘రోజు కూలీ కదా, పర్మినెంటు కాదు కదా’ అనే వాదన కూడా నిలవదు. తాత్కాలిక స్వభావం గల ఉద్యోగాలను మినహాయించే మాటలను 2000 సంవత్సరపు సవరణ తీసేసింది.

లెక్క ఎలా కడతారు?

నాలుగో సెక్షన్ లెక్కకు మూడు అంశాలు కావాలి: నెల వేతనం, ప్రమాదం నాటికి నిండిన వయసుకు నాలుగో షెడ్యూలులో ఇచ్చిన గుణకం, ఆర్జనా శక్తిలో కలిగిన నష్టం శాతం. వేతనం ఎంత ఉన్నా 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే గరిష్ఠం రూ. 15,000. మరణానికి వేతనంలో 50 శాతం, శాశ్వత సంపూర్ణ వైకల్యానికి 60 శాతం తీసుకొని గుణకంతో హెచ్చించాలి.

ఒక ఉదాహరణ చేద్దాం. 40 ఏళ్ల వీధి ఊడ్చే కార్మికురాలు, జీతం రూ. 16,000. లెక్కకు వచ్చేది రూ. 15,000. 40 ఏళ్లకు గుణకం 184.17. వేతనంలో 60 శాతం రూ. 9,000. దాన్ని గుణకంతో హెచ్చిస్తే రూ. 16,57,530 వస్తుంది. శాశ్వత పాక్షిక వైకల్యమైతే ఇందులో నష్టపోయిన శాతం మేరకు ఇస్తారు. బొటనవేలు పోతే మొదటి షెడ్యూలు ప్రకారం 30 శాతం, అంటే రూ. 4,97,259. చూపుడువేలు పూర్తిగా పోతే 14 శాతం. ఆమె మరణిస్తే ఆధారపడిన వారికి రూ. 7,500 ను 184.17తో హెచ్చించగా వచ్చే రూ. 13,81,275. వైద్యానికి అయిన అసలు ఖర్చు దీనికి అదనం. 2009 సవరణ తర్వాత దానికి పరిమితి లేదు.

షెడ్యూలులో లేని గాయాలే మన కార్మికుల్లో ఎక్కువ. విరిగిన తుంటి, అరిగిన వెన్ను, చెత్తబండి తోసి తోసి పనికిరాకుండా పోయిన భుజం. వీటికి డాక్టరు ఆర్జనా శక్తి నష్టాన్ని అంచనా వేస్తాడు. చూడవలసింది శరీరం ఎంత శాతం దెబ్బతిన్నది అని కాదు, ఆ మనిషి చేసే పనికి ఎంత నష్టం జరిగింది అని. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ – శ్రీనివాస్ సబత కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఒక వడ్రంగి కిందపడి ఎడమచేయి మోచేతి పైదాకా తీసేయవలసి వచ్చింది. ఒంటిచేత్తో వడ్రం చేయలేడు కాబట్టి అతని నష్టం నూరు శాతమేనని కోర్టు సమర్థించింది. రెండు చేతులతో చీపురు, పార పట్టవలసిన వారికి ఈ తీర్పు ఎంత అండో ఊహించండి. అదే తీర్పులో మరో మాట ఉంది. పరిహారం బాకీ పడేది కమిషనరు తీర్పు ఇచ్చిన రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే. నెలలోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే అసలులో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు. పైన చెప్పిన రూ. 4,97,259 మీద ఏడాది వడ్డీయే దాదాపు రూ. 59,671.

వేలిముద్ర వేసిన కాగితం

ఇప్పుడు ఆ వేలిముద్ర సంగతి. పదిహేడో సెక్షన్ ప్రకారం, పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు లేదా తగ్గించుకుంటున్నట్టు చేసుకున్న ఏ ఒప్పందమూ చెల్లదు. రాజీ చేసుకొని మొత్తం నిర్ణయించుకోవాలంటే దాన్ని కమిషనరు దగ్గర రిజిస్టరు చేయించాలి. మోసంతోనో ఒత్తిడితోనో కుదిర్చిన ఒప్పందాన్ని, సరిపోని మొత్తాన్ని ఆయన తిరస్కరించవచ్చు. మరణం విషయంలో చట్టం ఇంకా కచ్చితంగా ఉంది. డబ్బును కమిషనరు దగ్గర జమ చేయాలి. ముందస్తుగా మూడు నెలల వేతనం దాకా ఇచ్చిన సొమ్ము తప్ప, శవం లేవకముందే ఇంటికెళ్లి చేతికిచ్చిన సొమ్ము పరిహారం కింద లెక్కకు రాదు. మన రెండు రాష్ట్రాల్లో ఈ కమిషనరు బాధ్యతను కార్మిక శాఖలోని డిప్యూటీ, అసిస్టెంట్ కమిషనర్లు నిర్వహిస్తుంటారు. వకీలు తప్పనిసరి కాదు, రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి హాజరు కావచ్చు. పాత చట్టంలో దరఖాస్తుకు గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఉంది గాని, దాని మీద ఆధారపడకండి.

సాక్ష్యం గురించి ఒక మాట. దెబ్బతిన్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు మేస్త్రి చెవిలో చెప్పే మాట ఒకటుంది: “ఇంట్లో పడ్డానని చెప్పు, బిల్లు నేను కడతా.” డాక్టరు కేసు షీటులో రాసిన ఆ ఒక్క వాక్యం తర్వాత కేసునంతా మింగేస్తుంది. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ పని చేస్తుండగా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయించాలి. ఆ రోజు హాజరు పుస్తకం పేజీ ఫోనులో ఫొటో తీసుకోవాలి.

ఈఎస్ఐ ఉంటే దారి మారుతుంది

ఆ అభ్యాసకురాలు తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై వారం ఆవిడ జీతం చీటీ పట్టుకొని వచ్చింది. చూస్తే అందులో ఈఎస్ఐ కోత ఉంది. నేను ఆ రోజు చెప్పలేకపోయిన సగం అదే. ఈఎస్ఐ చట్టం వర్తించే వారికి 53వ సెక్షన్ ప్రకారం 1923 చట్టం కింద దావా ఉండదు, ఈఎస్ఐ కార్యాలయానికే వెళ్లాలి. వృత్తి వ్యాధులు ఆ చట్టంలోనూ ఉన్నాయి. తప్పు తలుపు తట్టి ఏళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు కాబట్టి మీరు మొట్టమొదట చూడవలసింది జీతం చీటీయే.

నెలకు రూ. 21,000 దాకా వేతనం ఉన్నవారు ఈఎస్ఐ కిందికి వస్తారు. 2019 జులై నుంచి యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. పని గాయమైతే ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలనే షరతు లేదు, చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది. తాత్కాలిక వైకల్యానికి వేతనంలో 90 శాతం ఇస్తారు. పాత చట్టంలో అదే తాత్కాలిక వైకల్యానికి పక్షానికి వేతనంలో 25 శాతమే, అంటే నెలకు సగం. తేడా మీకే తెలుస్తుంది. కాంట్రాక్టరు జీతంలో కోసి కార్పొరేషన్‌కు కట్టకపోతే? మొదట కట్టవలసిన బాధ్యత ప్రధాన యజమానిదే. కట్టలేదన్న కారణంతో కార్మికుడి ప్రయోజనం పోదు, కార్పొరేషన్ ఇచ్చి యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది.

చీకటితోనే బయలుదేరే వారికి దారి ప్రమాదాలు ఎక్కువ. 1996లో ఫ్రాన్సిస్ డి కోస్టా కేసులో, సైకిలు మీద ఫ్యాక్టరీకి వెళ్తూ ప్రమాదానికి గురైన కార్మికుడికి సుప్రీంకోర్టు ఈ ప్రయోజనం నిరాకరించింది. 2010లో ఈఎస్ఐ చట్టానికి 51-ఇ సెక్షన్ చేర్చి, ఇంటికీ పనికీ మధ్య ప్రయాణాన్ని కూడా ఉద్యోగ క్రమంలో కలిపారు. సమయం, స్థలం, ఉద్యోగంతో సంబంధం రుజువు కావాలి. సామాజిక భద్రతా స్మృతిలో నష్టపరిహార అధ్యాయంలోనూ ఇప్పుడు అలాంటి మాట ఉంది.

మ్యాన్‌హోల్ మరణాలు

ఇది వేరే దారి. మానవ మలాన్ని చేతులతో ఎత్తే పనిని నిషేధించే 2013 చట్టం, రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దింపడాన్నీ నిషేధించింది. దీని వెనుక సఫాయి కర్మచారీ ఆందోళన్ దీర్ఘ పోరాటం ఉంది. ఆ ఉద్యమానికి నాయకుడైన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లోని తెలుగు పారిశుధ్య కార్మిక కుటుంబంలో పుట్టినవాడు, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. ఆ సంస్థ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి రూ. 10 లక్షలు ఇవ్వాలని ఆదేశించింది. 2023 అక్టోబరు 20న బలరాం సింగ్ కేసులో దాన్ని రూ. 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యం కలిగి బతుకుతెరువు పోయినవారికి కనీసం రూ. 20 లక్షలు, ఇతర వైకల్యాలకు రూ. 10 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలంది. అపార్ట్‌మెంటు సెప్టిక్ ట్యాంకులో ఇద్దరు కూలీలు చనిపోయారని పత్రికలో చదివినప్పుడు, ఈ అంకె ఆ కుటుంబానికి ఎవరైనా చెప్పారా అని ఆలోచించండి. చెప్పేవారు మీరే కావచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

చెత్త సేకరించే వాహనంలో పనిచేసే 35 ఏళ్ల కార్మికుడి కుడిచేతి బొటనవేలు యంత్రంలో పడి పూర్తిగా తెగిపోయింది. జీతం రూ. 14,000, ఈఎస్ఐ కోత లేదు. 35 ఏళ్లకు గుణకం 197.06. గ్లౌజులు వేసుకోలేదు కాబట్టి ఏమీ ఇవ్వనని కాంట్రాక్టరు అంటున్నాడు. ఆ ఏడాదంతా గ్లౌజులు సరఫరా కాలేదని తోటివారు చెబుతున్నారు. (అ) ఎంత రావాలి? (ఆ) ఎవరెవరిని ప్రతివాదులుగా చేరుస్తారు? (ఇ) కాంట్రాక్టరు వాదన నిలుస్తుందా?

మొదటిదానికి మీ జవాబు రూ. 4,96,591 దగ్గర ఆగితే లెక్క సరిగా చేసినట్టే. మిగతా రెంటికీ సెక్షన్ల సంఖ్యతో సహా ఒక్కో పేరా రాసి సంపర్క తరగతికి తీసుకురండి.