పాక్షిక సూర్యగ్రహణము – నతిలంబన విచారము

విరోధికృత్ సంవత్సర వైశాఖ అమావాస్యా బుధవారమున, అనగా క్రీ.శ. 2031 మే 21వ తేదీన, కృత్తికా నక్షత్రమందు సూర్యగ్రహణము సంభవింపనున్నది. మధురలో నిది కంకణాకారముగా గోచరించును. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములందు పాక్షికముగనే కనబడును. అమావాస్య యొక్కటియే, సూర్యచంద్రులును వారే. మఱి గ్రాసమున నీ భేదమేల?

సూర్యుని కప్పునది చంద్రబింబమనియు, చంద్రుని కప్పునది భూచ్ఛాయయనియు ఆర్యభటుడు ఆర్యభటీయమున స్పష్టపఱచెను. అట్లయిన ప్రతి యమావాస్యకును గ్రహణమేల కలుగదనగా, చంద్రకక్ష్య క్రాంతివృత్తమునకు వాలియున్నది. ఆ వాలు సూర్యసిద్ధాంతమున 270 కళలు. ఆధునిక వేధచే సుమారు 309 కళలు. అమావాస్యాంతమున చంద్రుడు పాతసమీపమున నున్నప్పుడే శరము స్వల్పమై బింబములు కలియును. ఈ పాతములకే రాహుకేతు సంజ్ఞలు.

చంద్రగ్రహణమున ఛాయ చంద్రునిపైననే పడును గావున చంద్రుని చూడగల వారికందఱకు గ్రాసము సమానము. సూర్యగ్రహణమున నట్లు కాదు. ఛాదకుడగు చంద్రుడు ఛాద్యుడగు సూర్యునికంటె మిక్కిలి సమీపమున నున్నాడు. కావున భూకేంద్రమునుండి గాక భూపృష్ఠమునుండి చూచునపుడు స్థానము తప్పినట్లు తోచును. ఆ భేదమున పూర్వాపరభాగము లంబనము, దక్షిణోత్తరభాగము నతి. లంబనము పర్వకాలమును మార్చును; నతి శరమును మార్చును. పరమలంబనమును సూర్యసిద్ధాంత సంప్రదాయము చంద్రుని దినగతిలో పదునైదవ పాలుగా, అనగా సుమారు 53 కళలుగా గ్రహించెను. ఆధునిక మధ్యమమానము 57 కళలు. సూర్యబింబము 32 కళలే యగుటచే నీ సంస్కారము ఉపేక్షింపదగినది కాదు.

మధురకంటె ఉత్తరమున నున్న తెలుగునాటి ద్రష్టకు చంద్రుడు మఱికొంత దక్షిణమునకు జరిగి కనబడును. కావున సూర్యుని ఉత్తరభాగము మిగిలి ప్రకాశించును. మధురలో చంద్రబింబము సూర్యబింబమునందు పూర్తిగా నిమిడినను, దాని వ్యాసము సూర్యబింబవ్యాసమున నూటికి సుమారు 96 పాళ్లే యగుటచే చుట్టును కంకణము మిగులును.

కేరళీయుడగు పరమేశ్వరుడు దశాబ్దములపాటు గ్రహణములను పరిశీలించి, గణితమునకును దృష్టికిని గల అంతరమును గుర్తించి, క్రీ.శ. 1431లో దృగ్గణితమును రచించెను. సరిగా 600 సంవత్సరములకు కంకణచ్ఛాయ కేరళముమీదుగా సాగనున్నది. ప్రాచీనాంకములను సవరించుట శాస్త్రద్రోహమని శంకించువారికి పరమేశ్వరుని యాచరణమే సమాధానము. కావున పాఠశాలా విద్యార్థులు తమతమ గ్రామముల అక్షాంశ రేఖాంశములకు స్పర్శ, మధ్య, మోక్షకాలములను ముందుగా సాధించి, ఆనాడు సరిచూడవలెను. సూర్యుని నేరుగా గాక, సూక్ష్మరంధ్రముద్వారా తెరపై పడు బింబమును చూచుట క్షేమము. గణితము దృష్టితో కలియునపుడే సిద్ధాంతము సార్థకమగును.