చిట్కుల్ పరిసర చెరువులు: జీవవైవిధ్య పరిరక్షణలో స్థానిక భాగస్వామ్యం

పటాన్‌చెరు పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న చిట్కుల్ వంటి గ్రామాలలో చెరువు సాగునీటి వనరు మాత్రమే కాదు. మత్స్యకారుల జీవనాధారం, పక్షులకు ఆవాసం. 2002 జీవవైవిధ్య చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థ జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయాలి. ప్రజలను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయడం ఆ కమిటీ ప్రధాన విధి. 37వ సెక్షన్ వారసత్వ స్థలాల ప్రకటనకు వీలు కల్పిస్తుంది. ఈ ప్రాంతంలోనే ఉన్న అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ గుర్తింపు లభించింది.

అయితే గుర్తింపు చెరువు హద్దులకే పరిమితం. నీరు ఎగువ నుంచి వస్తుంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం విడిచిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకుల అధ్యయనం 2007లో వెల్లడించింది. ఇది శుద్ధి అనంతరం లభించిన పరిమాణమని గమనించాలి. చేపలు, పక్షుల పేర్లు నమోదు చేసే కమిటీ ఇటువంటి కాలుష్యాన్ని కంటితో గుర్తించలేదు.

కనుక రిజిస్టరు జాతుల పట్టికగా మిగిలిపోకూడదు. చేపలు చనిపోయిన తేదీలు, నీటి రంగు మారిన రోజులు, ఏ కాలువ నుంచి నీరు చేరిందన్న వివరాలు అందులోకి రావాలి. వీటిని మత్స్యకారులే చెప్పగలరు. నమూనాల పరీక్ష బాధ్యతను సమీప కళాశాలల రసాయన, జంతుశాస్త్ర శాఖలు స్వీకరించవచ్చు. ఒకే గొలుసులోని చెరువుల కమిటీలు ఆ ఫలితాలను పరస్పరం పంచుకోవాలి.