రెండు కార్డుల నడుమ

రాత్రిపూట ఫోన్‌లో టారో అనే బొమ్మల కార్డులతో జోస్యం చెప్పేవాళ్ల మాటలు వింటున్నావు గదా బిడ్డా, నేనూ పక్కన కూర్చుని విన్నాను. ‘మృత్యువు’ కార్డు వస్తే భయపడొద్దు, అది మార్పు అంటారు. దాని పక్కన ‘సూర్యుడు’ పడితే ఆ మార్పు మేలుకు, ‘బురుజు’ పడితే ఉన్నది కూలడానికి. ఒక్క కార్డు కన్నా రెండు కలిసినప్పుడు పుట్టే అర్థమే అసలైనదని వాళ్ల మాట. సైన్స్ ముచ్చట కూడా సరిగ్గా ఆ కలిసే చోటనే ఉంది.

కార్డు తీసి జాతకం చెప్పడం మనకు కొత్త కాదు. జాతరల్లో, రైల్వే స్టేషన్ల బయట చిలక జోస్యం చూసినవాళ్లు కాజీపేటలో నా వయసువాళ్లు చాలామందే. దేవుళ్ల బొమ్మల కార్డులు వరుసగా పేర్చి ఉంటాయి. పంజరం తలుపు తీయగానే చిలక నడిచొచ్చి ఒకటి ముక్కుతో లాగుతుంది, జోస్యుడు దానికి ఒక గింజ పెడతాడు. గింజ దొరికిన పనిని పక్షి మళ్లీ మళ్లీ చేస్తుంది, దానికి తెలిసిన జ్యోతిషం అంతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలకను పట్టి పంజరంలో పెట్టడం నేరం, అందుకే ఇప్పుడు ఆ పంజరాలు తగ్గాయి. తగ్గడమే మంచిది, ఎగిరే ప్రాణి అది.

ఆ జోస్యుడి దగ్గర తెలివంతా చిలకది కాదు, అతని కళ్లది. వచ్చినవాళ్ల చేతి గాజులు, చంకలో బిడ్డ, చేతిలో దవాఖాన కాగితాలు, ముఖంలో అలసట, అన్నీ ఒక్క చూపులో చదివేవాడు. కార్డును ఎదుటి మనిషితో జతచేసి చెప్పేవాడు. టారోలో కార్డును కార్డుతో జతచేస్తారు. ఫోన్‌లో చెప్పేవాళ్లకు నువ్వు కనిపించవు గాబట్టి, నీతో జతచేసే పని నీ మీదనే వదిలేస్తారు.

టారో పుట్టింది జోస్యానికి కాదు, ఆటకు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పెద్దింటివాళ్లు ఆడుకున్న పత్తాలాట అది. 1781లో ప్యారిస్‌లో కోర్ ద జెబలాఁ అనే పండితుడు, ఇది పాత ఈజిప్టువాళ్ల జ్ఞానగ్రంథం అని రాసేశాడు. ఈజిప్టు బొమ్మల లిపిని షాంపోలియన్ అనే పండితుడు విప్పింది 1822లో. అంటే ఆ లిపి ఒక్క ముక్క చదవడం ఎవరికీ రాని రోజుల్లోనే ఆ మాట పుట్టింది. ఆ తర్వాత 1909లో లండన్‌లో పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి 78 కార్డులకూ బొమ్మలు గీసింది. అంతకుముందు చాలా పేకల్లో అంకెల కార్డుల మీద కప్పులు, కత్తులు, కర్రలు, నాణేల గుర్తులే ఉండేవి. ఆమె వాటి మీదకు మనుషులను తెచ్చింది: ఏడ్చేవాళ్లు, మూట మోసేవాళ్లు, పడవలో పోయేవాళ్లు. ఇక ఒక కార్డులోని మనిషి పక్క కార్డు వైపు చూస్తున్నట్టు, లేదా దానికి వీపు తిప్పినట్టు కనిపించడం మొదలైంది. జంట కార్డులు ఇంత సులువుగా కథ చెప్పడంలో ఆమె కుంచెకు పెద్ద వాటా ఉంది. ఆ పేక పేరులో మాత్రం చాలాకాలం ప్రచురణకర్త పేరు, బొమ్మలు గీయించినాయన పేరే ఉన్నాయి. నాకది ఇప్పటికీ బాధ.

ఇప్పుడు లెక్క చూద్దాం, కాగితం తీసుకో. 78 కార్డుల్లోంచి రెండేసి తీస్తే 3,003 జతలు. మూడు కార్డులను వరుసలో పరిస్తే 4,56,456 తీర్లు. తలకిందులుగా పడితే వేరే అర్థం అంటారు గాబట్టి దాన్ని ఎనిమిదితో హెచ్చించు: 36,51,648. ఇన్నింటికీ అర్థాలు ఏ పుస్తకంలోనూ పట్టవు. అంటే చెప్పేవాళ్లు అప్పటికప్పుడు అల్లాల్సిందే.

కలయికకు ముందే తేల్చిన అర్థం ఉంటే ఎలా ఉంటుందో మన కాజీపేట జంక్షన్ సిగ్నళ్లలో చూశావు గదా. ఒక్క పసుపు దీపం వెలిగితే, ముందున్న సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండు అని. రెండు పసుపు దీపాలు కలిసి వెలిగితే అర్థం మారుతుంది: ముందున్న సిగ్నల్‌ను నిదానంగా దాటడానికి సిద్ధపడు అని. ఇదీ కలయికకు వచ్చే అర్థమే. కానీ సికింద్రాబాద్ నుంచి వచ్చిన లోకో పైలట్ అయినా, బల్లార్షా నుంచి వచ్చినాయన అయినా దాన్ని ఒక్క తీరుగానే చదువుతాడు. చదవకపోతే ప్రాణాలు పోతాయి. టారోలో అదే జంటను ఇద్దరు రెండు తీర్లుగా చదివినా తప్పు పట్టేవాళ్లు లేరు, తప్పని తేల్చే మార్గమూ లేదు.

మరి విన్నప్పుడు ‘నా గురించే’ అని ఎందుకు అనిపిస్తుంది? మన మెదడు పని తీరు అది. 1944లో అమెరికాలో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు ఒక చిన్న సినిమా తీశారు. అందులో రెండు త్రిభుజాలు, ఒక వృత్తం అటూ ఇటూ కదులుతాయి, అంతే. చూసినవాళ్లు దాదాపు అందరూ పెద్ద త్రిభుజం దుర్మార్గుడని, చిన్న త్రిభుజం, వృత్తం కలిసి పారిపోతున్నాయని కథ చెప్పారు. ఉత్త ఆకారాల మధ్యనే కథ అల్లిన మెదడు, ముఖాలున్న బొమ్మల మధ్య ఊరుకుంటుందా?

1948లో ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులు 39 మందికి తలా ఒక కాగితం ఇచ్చి, నీ స్వభావం ఇందులో ఉంది, ఎంత సరిపోయిందో 5కు మార్కులు వెయ్యి అన్నాడు. సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే రాత, ఎక్కువ భాగం జ్యోతిషం పుస్తకంలోంచి తీసింది. బయటికి ధైర్యంగా కనిపించినా లోపల బెంగ ఉంటుంది వంటి మాట ఎవరికి సరిపోదు చెప్పు?

“ఆ కార్డే మళ్లీ వచ్చింది తాతా!” అన్నావు మొన్న. వారానికి మూడు కార్డులు తీస్తే, ఈ వారం వచ్చినవాటిలో కనీసం ఒకటి వచ్చే వారమూ రావడానికి 11 శాతం అవకాశం ఉంది. ఏడాదిలో సగటున ఐదారు సార్లు నీకు ఆ ఆశ్చర్యం ఎదురవుతుంది. అదీ పత్తాలు బాగా కలిపితేనే. బేయర్, డయాకొనిస్ అనే గణితవేత్తలు 1992లో చూపించిందేమంటే, 52 కార్డుల పేకను రెండు భాగాలు చేసి ఒకదాంట్లోకి ఒకటి జారవిడుస్తూ ఏడుసార్లు కలిపితే గానీ మంచిగా కలవదు. 78కి ఇంకొంచెం ఎక్కువే కావాలి. రెండు మూడుసార్లు కలిపి ఆపితే పోయినసారి పక్కపక్కన పెట్టిన కార్డులు మళ్లీ పక్కపక్కనే పడే అవకాశం, బాగా కలిపినప్పటి కన్నా ఎక్కువ. అదే జంట మళ్లీ ఎదురైతే కలపడంలో లోపం అనుకో, విధి అనుకోకు.

ఆ బొమ్మలు చూస్తూ మనసులో మాట బయటికి చెప్పుకుంటే కొందరికి బరువు దిగుతుంది, అది నేను కాదనను. కానీ జబ్బు గురించి, పెండ్లి గురించి, తెచ్చే అప్పు గురించి కార్డులను అడగకు. దవాఖాన ఉంది, మేమున్నాము.

నిజంగా తేల్చుకోవాలనుందా? నీ కాలేజీలో చెయ్యి. ఒక్కొక్కరికి మూడు కార్డులు తీసి అర్థం రాయించు. ఆ కాగితంతోపాటు వేరేవాళ్లకు రాసింది ఒకటి పెట్టు, పేర్లూ కార్డుల గుర్తులూ తీసేసి. రెండింట్లో నీది ఏదో చెప్పమను. ఉత్త అదృష్టంతోనే నూరు మందిలో యాభై మంది దాకా సరిగ్గా చెప్తారు, నలభై నుంచి అరవై మధ్య ఎంతొచ్చినా వింత కాదు. అరవై దాటితే నాకు ఫోన్ చెయ్యి, నేనే వచ్చి కాగితాలు మళ్లీ లెక్కపెడతా.