మన్యమున మాతృభాష

శ్రీకాకుళమునుండి ఉత్తరముగా పోయినచో మైదానము ముగిసి తూర్పు కనుమలు ఎదురగును. ఆ కొండలయందును, వానికి ఆవల ఒడిశా రాష్ట్రమునందలి గజపతి, రాయగడ జిల్లాలయందును సవరలు తరతరములుగా నివసించుచున్నారు. వారు కొండవాలులను మెట్లు మెట్లుగా మలచి, రాళ్లతో గట్లు కట్టి, సెలయేటి నీటిని ఒక మడినుండి వేరొక మడికి దింపి వరి పండింతురు. ఇంటిగోడకు ఎఱ్ఱమన్ను పూసి, దానిపై బియ్యపుపిండితో దేవతలను, పితరులను, మృగములను, సూర్యచంద్రులను చిత్రింతురు. వీరు మనకు క్రొత్తవారు కారు. ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్రుల పేరును, శబరుల పేరును ఒక్కచోటనే వినబడును. ఆ శబరులే నేటి సవరల పూర్వులని పలువురు పండితులు తలంతురు.

ఇంత పాత ఇరుగుపొరుగైనను, సవరల భాషకును తెలుగునకును చుట్టరికము లేదు. తెలుగు ద్రావిడభాష. సవరభాష ముండా కుటుంబమునకు చెందినది. సంతాలీ, ముండారీ భాషలు దాని జ్ఞాతులు. దూరపు బంధువులను వెదకినచో కంబోడియా దేశపు ఖ్మేరు భాషవరకు పోవలసియుండును. మనము పదులతో లెక్కింతుము. సవరలు పండ్రెండును, ఇరువదిని ఆధారముగా గొని లెక్కింతురు. పదుమూడునకు వారి మాట 'పండ్రెండు, ఒకటి' అను అర్థమునిచ్చును. తొంబదిమూడునకు వారు 'నాలుగు ఇరువదులు, పండ్రెండు, ఒకటి' అందురు. 80, 12, 1 కూడి చూడుడు, లెక్క సరిపోవును. నామమును క్రియలోనే ఇముడ్చి, ఒక వాక్యమునకు తగిన భావమును ఒక్క మాటలో చెప్పుట ఆ భాషకు సహజము. ఇట్టి భాషను మోటుమాట అనుట తెలియనితనమే కాని వేరు కాదు.

సవరయింట పుట్టిన బిడ్డ మొదటిసారి బడికి వచ్చినప్పుడు జరుగునది గమనింపుడు. ఇంట ఆ బిడ్డ చెట్టును, పిట్టను, వానను పేరుపెట్టి పిలువగలదు. అవ్వ చెప్పిన కథను తిరిగి చెప్పగలదు. బడిలో గురువు పలుకు మాట ఒక్కటియు దానికి తెలియదు. ఇంట గలగల మాటలాడు బిడ్డ బడిలో మూగయగును. గురువు దానిని మందబుద్ధి అనుకొనును. కొన్నాళ్లకు బిడ్డయు అదే నమ్మును. పిదప బడి మానుటయో, ఇంటిభాషను చూచి సిగ్గుపడుటయో జరుగును. బడి మానినచో చదువు పోవును. సిగ్గుపడినచో భాష పోవును. ఈ రెండు నష్టములును లేకుండ చేయు మార్గమేది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో గిడుగు వెంకట రామమూర్తిగారు అగ్రగణ్యులు. వీరు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమందలి పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. ఆ ఊరి చుట్టుపట్ల కొండలనుండి వచ్చు సవరలను చూచి, వారికి చదువు చెప్పవలెనని సంకల్పించిరి. అయితే వారు తెలుగు వాచకమును చేతబట్టి కొండనెక్కలేదు. చెప్పదలచినవాడు ముందు నేర్చుకొనవలెనని గ్రహించి, రెండు భాషలును తెలిసినవానిని ఇంటనుంచుకొని సవరభాషను అభ్యసించిరి. గురువు శిష్యుడయ్యెను.

అప్పటికి ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. ప్రతి మాటను చెవితో విని, అది ఎట్లు పలుకబడుచున్నదో గుర్తించి, వ్రాసికొనవలసియుండెను. రామమూర్తిగారు పల్లెలు తిరిగి మాటలను, కథలను, పాటలను సేకరించిరి. సవరభాషలో పుస్తకములు రచించిరి. సొంత ధనముతో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. మన్యమున చలిజ్వరము మెండు. దానికై సేవించిన క్వినైను మందువలన వారికి చెవుడు వచ్చెను. భాషను చెవితో వినియే నేర్చినవారికి అది ఎంతటి నష్టమో చెప్పనక్కరలేదు. ఐనను కృషి ఆగలేదు. 1931లో వారి సవరవ్యాకరణమును, 1938లో సవరకోశమును మద్రాసు ప్రభుత్వము ప్రకటించెను. తెలుగున వ్యావహారిక భాషకై వారు సాగించిన ఉద్యమమునకును మూలము ఇదియే: జనులు పలుకు భాషయే వారి చదువునకు ద్వారము కావలెను.

బయటివాడు ఎంత పాటుపడినను, ఒక భాషకు అసలు కాపు దానిని పలుకు జనులే. సవరలు ఈ సంగతిని స్వయముగా చాటిరి. 1936వ సంవత్సరము జూన్ 18వ తేదీన సవర పండితుడైన మంగేయి గొమాంగో తమ భాషకు 24 అక్షరములుగల లిపిని కల్పించెను. దానికి 'సొరాంగ్ సొంపెంగ్' అని పేరు. ఆ అక్షరములను దైవస్వరూపములుగా పూజించు సవరలును కలరు. 2012లో ఆ లిపికి కంప్యూటరు అక్షరమాలయైన యూనికోడునందు స్థానము లభించెను. ఐనను చిక్కు పూర్తిగా తీరలేదు. సవరలు కొన్నిచోట్ల ఒడియా లిపిని, కొన్నిచోట్ల తెలుగు లిపిని, కొన్నిచోట్ల రోమను లిపిని వాడుచున్నారు. భాష ఒకటియైనను, ఒకచోట వ్రాసిన పుస్తకమును మరియొకచోట చదువలేని స్థితి కలుగుచున్నది.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వమును ఈ విషయమున బాధ్యత వహించెను. అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించుటకు తగిన వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమునందు 350-ఏ అధికరణము చేర్చబడెను. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కువి మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభమయ్యెను. పుస్తకములు తెలుగు లిపిలో వెలువడెను. బిడ్డ తన భాషలో చదువ నేర్చి, ఆ బలముతో క్రమముగా తెలుగులోనికి ప్రవేశించుట ఈ పద్ధతి. నదిలో దిగువాడు ముందు ఒడ్డున కాలు నిలద్రొక్కుకొనునట్లు ఇది సాగును.

"తెలుగు, ఇంగ్లీషు రానిదే ఉద్యోగము రాదు గదా, సవర ఎందుకు?" అని కొందరు తలిదండ్రులే అడుగుదురు. వారి భయము అకారణము కాదు. సంతలోను, కచేరీలోను పెద్దభాష లేనిదే పని జరుగదు. కాని ఒక భాష నేర్చుటకు మరియొక భాషను విడువనక్కరలేదు. ఇంటిభాషలో అక్షరము వచ్చిన బిడ్డకు రెండవ భాష సులభమగును. ఇందులకు పుస్తకము లొక్కటియే చాలవు. సవర తెలిసిన ఉపాధ్యాయులు కావలెను. అవ్వల కథలును, పండుగపాటలును బడిలోనికి రావలెను. ఇంట పెద్దలు బిడ్డలతో ఆ భాషనే పలుకవలెను. పలుకనిచో, ఎంత గొప్ప నిఘంటువైనను భాషకు జ్ఞాపకచిహ్నముగా మాత్రమే నిలుచును.

2011 జనాభా లెక్కల ప్రకారము సవరభాష మాటలాడువారు సుమారు నాలుగు లక్షలమంది. ఐక్యరాజ్యసమితి 2022 మొదలు 2032 వరకు గల కాలమును ఆదివాసీ భాషల దశాబ్దముగా ప్రకటించెను. ప్రకటనలు మార్గమును చూపగలవు, నడువవలసినవారు మనుష్యులు. ఆ నడకలో సవరలు కానివారికిని పని కలదు. కొండపల్లెనుండి వచ్చిన తోటి విద్యార్థి పలుకును విని నవ్వకుండుట అందులో మొదటిది. "దీనిని మీ భాషలో ఏమందురు?" అని ఆదరముతో అడిగి నేర్చుకొనుట రెండవది. పర్లాకిమిడి ఉపాధ్యాయుని మహత్కార్యమునకు మొదటి మెట్టు ఆ ప్రశ్నయే.