పాత బండికి కొత్త వేగం

మోటారు సైకిలు పాతబడితే ఏం చేస్తారు? అమ్మేసి కొత్తది కొనుక్కుంటారు. కాని ఒకాయన 1920లో కొన్న బండిని అమ్మలేదు. దాదాపు జీవితమంతా దాన్ని ఇంటి షెడ్డులో తన చేతులతోనే మార్చుకుంటూ పోయాడు. 1967లో, 68 ఏళ్ల వయసులో, ఆ బండి మీదే 1000 ఘ.సెం.మీ. లోపు తరగతిలో వేగం రికార్డు నెలకొల్పాడు. ఆయన పేరు బర్ట్ మన్రో. న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్ ఆయన ఊరు. పగలు మోటారు సైకిళ్లు అమ్మే ఉద్యోగం, రాత్రి షెడ్డులో పని.

ఆ బండి అమెరికాలో తయారైన ‘ఇండియన్ స్కౌట్’. పేరు చూసి మన దేశానిది అనుకోకండి! అమెరికా ఆదివాసులను ఆ రోజుల్లో ఇండియన్లు అనేవారు. ఆ పేరే బండికి పెట్టారు. కొన్నప్పుడు దాని ఇంజను 600 ఘ.సెం.మీ., గరిష్ఠ వేగం గంటకు సుమారు 88 కి.మీ. రికార్డు నాటికి ఇంజను 950 ఘ.సెం.మీ. అయింది, వేగం 296 కి.మీ. దాటింది.

ఇంజను పరిమాణం రెండింతలైనా కాలేదు. వేగం మాత్రం మూడింతలకు పైగా పెరిగింది. ఇది ఎలా సాధ్యం?

ఎనిమిది రెట్ల లెక్క

వేగంగా పోయే బండికి పెద్ద శత్రువు గాలి. బండి వేగం రెట్టింపయిందనుకోండి. ఒక్కో సెకనులో రెట్టింపు గాలిని పక్కకు నెట్టాలి. ఆ గాలిని రెట్టింపు వేగంతో నెట్టాలి. కాబట్టి గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. పైగా ఆ నిరోధాన్ని ఎదుర్కొంటూ ఒక్కో సెకనులో రెట్టింపు దూరం పోవాలి. అంటే ఇంజను ఇవ్వవలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లు! ఇదే లెక్క ప్రకారం 88 నుంచి 296 కి.మీ.కు చేరాలంటే, బండి ఆకారం మారకపోతే, గాలిని జయించడానికే సుమారు 38 రెట్ల సామర్థ్యం కావాలి.

ఇంజనును కాస్త పెద్దది చేసినంత మాత్రాన అంత సామర్థ్యం రాదు. అందుకే మన్రో రెండు వైపుల నుంచి పని మొదలుపెట్టాడు. ఒకటి, ఇంజను బలం పెంచడం. రెండు, గాలి నిరోధం తగ్గించడం.

షెడ్డులో పోత పని

ఇంజను ఎక్కువ సామర్థ్యం ఇవ్వాలంటే నిమిషానికి ఎక్కువ సార్లు తిరగాలి. అప్పుడు పిస్టనుకు, దాన్ని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్డుకు కష్టకాలం వస్తుంది. పిస్టన్ పైకి వెళ్లి ఆగుతుంది, కిందికి వచ్చి ఆగుతుంది. ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరిగితే పిస్టన్ సెకనుకు 100 సార్లు ఆగి మళ్లీ బయలుదేరుతుందన్నమాట. తిరిగే వేగం రెట్టింపయితే, ఆ కుదుపుల బలం నాలుగు రెట్లవుతుంది. బలహీనమైన రాడ్డు విరిగి, ఇంజనునే చీల్చుకుని బయటకు వస్తుంది. అందుకే మన్రో ట్రాక్టరు ఇరుసు ఉక్కును చెక్కి కనెక్టింగ్ రాడ్లు చేసుకున్నాడు.

డబ్బు తక్కువ కనుక పిస్టన్లు, సిలిండర్లు కూడా తనే తయారుచేసుకున్నాడు. పాత డబ్బాలనే అచ్చులుగా వాడి, కరిగించిన లోహాన్ని వాటిలో పోత పోసేవాడు. కొలతలు చూసుకోవడానికి పాత చక్రపు స్పోకు ఆయనకు పరికరం.

ఇక్కడ కొలత ఎంత ముఖ్యమో చూడండి. 70 మి.మీ. వ్యాసం గల అల్యూమినియం పిస్టన్ 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.3 మి.మీ. వ్యాకోచిస్తుంది. అంతే వేడెక్కిన ఇనుప సిలిండరు అందులో సగమే వ్యాకోచిస్తుంది. రెంటికీ మధ్య ఖాళీ మరీ తక్కువైతే పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోతుంది. మరీ ఎక్కువైతే మండిన వాయువులు పక్కనుంచి జారిపోయి బలం వృథా అవుతుంది. తల వెంట్రుక మందమంత తేడా ఇంజను ప్రాణం తీయగలదు!

అలా ఎన్నో భాగాలు పగిలాయి, కాలాయి, విరిగాయి. మన్రో వాటిని షెడ్డులో ఒక అరలో పేర్చి, ‘వేగ దేవుడికి నైవేద్యాలు’ అన్న అర్థం వచ్చేలా దానికి పేరు రాసుకున్నాడు. ఎక్కడ విరిగిందో చూస్తే, తరువాతి భాగాన్ని ఎక్కడ బలపరచాలో తెలుస్తుంది గదా!

చేప లాంటి తొడుగు

ఇక గాలి సంగతి. మన్రో బండి మొత్తాన్ని కప్పేలా ఫైబర్ గ్లాస్ తొడుగు చేశాడు. ముందు గుండ్రంగా, వెనక సన్నగా ఉండే ఆ ఆకారం నీటిలో ఈదే చేపను గుర్తుకు తెస్తుంది. అలాంటి దాని మీదుగా గాలి సుడులు తిరగకుండా జారిపోతుంది. మన్రో ఆ తొడుగులో బోర్లా పడుకున్నట్లుగా ఒదిగి బండి నడిపేవాడు.

అయితే తొడుగుతో కొత్త చిక్కు కూడా వస్తుంది. బాణానికి ఈకలు వెనకవైపు ఎందుకు కడతారు? గాలి తోపుడు గరిమనాభికి వెనక పడితేనే బాణం తిన్నగా పోతుంది. ముందు పడితే పక్కకు తిరగబోతుంది. తొడుగు వేసిన బండీ అంతే. మహావేగంలో బండి ఊగిసలాడడం మన్రోను చాలాసార్లు భయపెట్టింది. ఆ వేగంలో పడితే ప్రాణానికే ముప్పు.

ఉప్పు మైదానంలో పరుగు

అంత వేగానికి మామూలు రోడ్డు పనికిరాదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో బోన్‌విల్ ఉప్పు మైదానం ఉంది. ఎండిపోయిన పురాతన సరస్సు అది. కిలోమీటర్ల పొడవున బల్లపరుపుగా ఉంటుంది. మన్రో తన బండిని ఓడలో అక్కడికి తీసుకుపోయాడు. 1962లో గంటకు 288 కి.మీ. వేగంతో రికార్డు సాధించాడు. 1967లో దానినీ మించిపోయాడు.

రికార్డు కోసం ఒకే దారిలో అటూ ఇటూ రెండుసార్లు పరుగెత్తి సగటు తీస్తారు. ఒకవైపు గాలి వెనకనుంచి తోస్తే, తిరుగు ప్రయాణంలో అదే ఎదురు గాలి అవుతుంది. అలా ఎవరికీ అనుచిత లాభం ఉండదు. ఈ సగటులోనే ఒక చిత్రం జరిగింది. 1967 నాటి రికార్డును గంటకు 295.45 కి.మీ.గా రాశారు. మన్రో 1978లో మరణించాడు. చాలా ఏళ్ల తరువాత ఆయన కుమారుడు పాత లెక్కలో తప్పు పట్టాడు. 2014లో దాన్ని 296.26 కి.మీ.గా సరిదిద్దారు. తండ్రి ఇంజనుతో సాధించిన వేగానికి, కొడుకు కాగితం మీద మరికాస్త కలిపాడన్నమాట!

మీరూ చేసి చూడండి

పెద్దవాళ్ల సమక్షంలో కొవ్వొత్తి వెలిగించండి. దానికి బెత్తెడు దూరంలో ఒక పోస్టుకార్డును అడ్డంగా నిలబెట్టి, ఇవతలి నుంచి గట్టిగా ఊదండి. మంట అవతలికి కాక, కార్డు వైపే వంగుతుంది! కార్డు వెనక గాలి సుడి తిరిగి వెనక్కి రావడమే కారణం. ఇప్పుడు ఒక కాగితపు పట్టీని వంచి, రెండు కొసలు కలిపి అంటించండి. నీటి బొట్టు ఆకారం వస్తుంది. గుండ్రని వైపు మీ నోటికి, కోసుగా ఉన్న వైపు మంటకు ఉండేలా నిలబెట్టి ఊదండి. ఈసారి మంట ఎటు వంగుతుందో చూసి, మన్రో తొడుగు వెనకభాగం ఎందుకు సన్నగా ఉందో మీ స్నేహితులకు వివరించండి.