గూగుల్‌లో మీ పేరు కొడితే ఎవరొస్తారు?

ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది కాబట్టి ఒక చిన్న పని చేయండి. మీ పేరు, పక్కనే మీ ఊరో, చదివిన కాలేజీ పేరో టైపు చేసి వెతకండి. వచ్చిన మొదటి పేజీ చూడండి. అందులో మీరున్నారా? ఉంటే ఎలా ఉన్నారు? పదేళ్ల కిందటి ఫేస్‌బుక్ ఫొటోగానా, ఎక్కడో పడి ఉన్న పాత రెజ్యూమెగానా? లేకపోతే మీ పేరే పెట్టుకున్న ఇంకెవరో కనిపిస్తున్నారా?

ఇదంతా సినిమా వాళ్లకీ, రాజకీయ నాయకులకీ ఉండే గొడవ, మనకెందుకులే అనిపిస్తుంది. నిజానికి వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరం. వాళ్ల గురించి వేల పేజీలుంటాయి. ఒకటి తేడాగా ఉన్నా మిగతావాటిలో కలిసిపోతుంది. మన గురించి ఉండేవి రెండో మూడో. వాటిలో ఒకటి తేడా కొడితే, చూసేవాళ్ల దృష్టిలో మన పేరు సగం పాడైనట్టే.

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. మా టీములోకి కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు ఏడాదిన్నరగా ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటున్నాను. రెజ్యూమె చదవగానే చాలామంది చేసే పని, అభ్యర్థి పేరు గూగుల్‌లో కొట్టడం. చెయ్యమని ఎవరూ చెప్పరు, చెయ్యొద్దనీ చెప్పరు. కనిపించినదాన్ని బట్టి ఉద్యోగం ఇవ్వడమో మానడమో నేరుగా జరగదు. కానీ మనసులో ఒక అభిప్రాయం పడిపోతుంది. దాని గురించి అభ్యర్థిని ఎవరూ అడగరు. అడిగితే పాపం ఆ మనిషి జవాబైనా చెప్పుకుంటారు కదా!

వాడెవడో, నేనెవరో

మా పిన్ని కొడుకు మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. వాడిది చాలా మామూలు పేరు, మామూలు ఇంటిపేరు. ఆ రెండూ కలిసినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఉంటారో లెక్కలేదు. వాళ్లలో ఒకాయన చీటీల మోసం కేసులో అరెస్టయ్యాడు. ఆ వార్త మూడు నాలుగు వెబ్‌సైట్లలో వచ్చింది. అంతే, మావాడి పేరు కొడితే ముందు ఆ వార్తే.

రెండు కంపెనీల్లో చివరి రౌండు దాకా వెళ్లి ఆగిపోయాడు. కారణం ఆ వార్తేనని ఎవరూ అనలేదు, అది కాదనీ చెప్పలేదు. మూడో చోట మాత్రం హెచ్‌ఆర్ ఆవిడ మొహమాటపడుతూనే అడిగేసింది, "వార్తలో ఉన్నది మీరేనా?" అని.

ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు. "అక్కా, వాడెవడో చేసిన పనికి నేను సంజాయిషీ ఇచ్చుకోవాలా?" అన్నాడు.

"అక్కర్లేదురా. నువ్వెవరో ముందు కనిపించేలా చేద్దాం," అన్నాను.

ఇక్కడ చిక్కేంటంటే, ఆ వార్త తప్పు కాదు. అరెస్టు నిజం, పేరు నిజం. దాన్ని తీసేయమని ఎవరినీ అడగలేం. మావాడి చేతిలో ఉన్నది ఒక్కటే: తన గురించి నిజమైన సమాచారం తనే పెట్టుకోవడం. లింక్డిన్ ప్రొఫైల్ పూర్తి చేశాడు. కాలేజీలో చేసిన ప్రాజెక్టు గురించి ఫొటోలతో ఒక పేజీ రాశాడు. రెండింట్లోనూ పేరు ఒకేలా, ఊరూ కాలేజీ స్పష్టంగా పెట్టాడు. నాలుగైదు నెలలకి అవి పైకొచ్చి, వార్త కిందికి దిగింది. పోలేదు, దిగింది. కానీ ఇప్పుడు చూసేవాళ్లకి ఇద్దరూ వేరని ఇట్టే తెలిసిపోతుంది.

చెరిపేయడం అంత తేలిక కాదు

"అసలు ఆ పేజీ తీయించేస్తే పోదా?" అని చాలామంది అడుగుతారు. స్పెయిన్‌లో మారియో కోస్తేహా గొన్సాలెస్ అనే ఆయన ఆ ప్రయత్నమే చేశాడు. 1998లో ఆయన బాకీల కోసం ఆస్తి వేలం వేస్తున్నట్టు ఒక పత్రికలో ప్రకటన వచ్చింది. ఆ గొడవ తీరిపోయి ఏళ్లు గడిచినా, గూగుల్‌లో పేరు కొడితే అదే వచ్చేది. ఆయన ఫిర్యాదు చేశాడు. చివరికి 2014 మే 13న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. పాతబడి, ఇప్పుడు అవసరం లేని సమాచారాన్ని పేరు వెతికినప్పుడు చూపించొద్దని గూగుల్‌ని అడిగే హక్కు మనిషికి ఉందని తేల్చింది. 'మరచిపోబడే హక్కు' అంటే ఇదే. తమాషా ఏంటంటే, ఏ వేలం సంగతి జనం మర్చిపోవాలని ఆయన పోరాడాడో, ఆ పోరాటం వల్లే అది ప్రపంచమంతా తెలిసిపోయింది!

ఇంకో సంగతి, పత్రిక వెబ్‌సైటులో ఆ పేజీ అలాగే ఉంది. గూగుల్ లైబ్రరీలో ఉండే కేటలాగు లాంటిది. కార్డు తీసేసినా పుస్తకం అల్మారాలోనే ఉంటుంది.

మన దేశంలోనూ ఇలాంటి కేసు ఉంది. భారత సంతతికి చెందిన ఒక అమెరికా పౌరుడు 2009లో ఇక్కడికొచ్చినప్పుడు ఆయనపై మాదకద్రవ్యాల కేసు పెట్టారు. 2011లో కింది కోర్టు నిర్దోషి అంది, 2013లో ఢిల్లీ హైకోర్టు కూడా అదే అంది. తర్వాత ఆయన అమెరికాలో లా చదివి ఉద్యోగం వెతుక్కుంటుంటే, పేరు కొట్టగానే ఆ తీర్పు పైన కనిపించేది. నిర్దోషి అనే మాట చదవాలంటే తీర్పు చివరిదాకా వెళ్లాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పుని సెర్చిలో కనిపించకుండా చూడమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. నిర్దోషిగా బయటపడ్డ మనిషికే అన్నేళ్లు పట్టింది.

2023లో వచ్చిన మన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, మన సమ్మతితో తీసుకున్న సమాచారాన్ని తుడిచేయమని అడిగే హక్కు ఉంది. కానీ మనంతట మనమే బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి ఆ చట్టం వర్తించదు. కాబట్టి పెట్టేముందే ఆలోచించుకోవాలి.

కోర్టుల దాకా వెళ్లకుండా తీయించుకోగలిగేవీ కొన్ని ఉన్నాయి. మీ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, ఈమెయిల్ ఫలితాల్లో కనిపిస్తుంటే తీసేయమని గూగుల్‌కి అభ్యర్థన పంపుకోవచ్చు. 2022 నుంచి ఈ వీలుంది. అసలు సైటులో పేజీ మార్చేసినా గూగుల్ ఇంకా పాతదే చూపిస్తుంటే, దాన్ని తాజా చేయమని అడగడానికి వేరే ఫారం ఉంది. రెంటికీ పైసా ఖర్చు లేదు.

మన పేర్లతో వచ్చే తిప్పలు

ఇక మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది పేరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, లింక్డిన్‌లో వెనక, ఆఫీసులో ఇంటిపేరు ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినవాళ్లకి అమెరికా వీసాలో 'ఎఫ్‌ఎన్‌యూ' అనే కొత్త పేరు పుట్టుకొస్తుంది. ఇంగ్లిషు స్పెల్లింగుల సంగతి చెప్పక్కర్లేదు. లక్ష్మిని రెండు మూడు రకాలుగా, శ్రీనివాస్‌ని నాలుగైదు రకాలుగా రాస్తాం. మనకి అదంతా ఒకే మనిషి. సెర్చికి మాత్రం వేరే వేరే మనుషులుగా కనిపించవచ్చు. చేసిన పనంతా నాలుగు పేర్ల కింద చెల్లాచెదురైపోతుంది.

ఆడవాళ్లకి ఇంకో మెలిక. నా పెళ్లప్పుడు ఇంట్లో అందరూ "ఇంటిపేరు ఎప్పుడు మార్చుకుంటావు?" అని అడిగినవాళ్లే. ఫైనలియర్‌లో రాసిన పేపరు, గిట్‌హబ్‌లో ఆరేళ్ల పని, అన్నీ పుట్టింటి పేరు మీదే ఉన్నాయి. మార్చేస్తే వెతికేవాళ్లకి నేను నిన్నగాక మొన్న మొదలుపెట్టిన మనిషిలా కనిపిస్తాను. అదే మా అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ ముప్పై ఏళ్లు టీచరుగా చేశారు. "శుభలేఖలో ఎలాగైనా వేయించుకుందాం, ఉద్యోగంలో పేరు మాత్రం మార్చకమ్మా," అన్నారు. మార్చుకోవాలనుకుంటే తప్పేమీ లేదు. లింక్డిన్‌లో పాత పేరుకి వేరే గడి ఉంటుంది, అది నింపండి. పాత పేరు కొట్టినవాళ్లకీ మీరే దొరకాలి.

ఒక గంటలో అయ్యే పనులు

ముందు బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో తెరిచి, మీ పేరుని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. అలా పెడితే ఆ మాటలు అదే వరసలో ఉన్న పేజీలే వస్తాయి. మీ పేరుకి ఎన్ని స్పెల్లింగులుంటే అన్నిసార్లు చూడండి. బొమ్మల విభాగం కూడా చూడండి.

తర్వాత ఒక్క స్పెల్లింగు ఎంచుకోండి. రెజ్యూమె, లింక్డిన్, ఈమెయిల్, గిట్‌హబ్ అన్నిచోట్లా అదే. మీ పేరు మరీ మామూలుదైతే ఇంటిపేరు పూర్తిగా రాయండి. లింక్డిన్ చిరునామా చివర అంకెలూ అక్షరాలూ కలగలిసి ఉంటే, సెట్టింగుల్లో తీసేసి మీ పేరుతో పెట్టుకోండి.

మూడోది, మీరు చేసిన పనికి సాక్ష్యంగా ఒక్కటైనా పేజీ ఉండాలి. చేసిన ప్రాజెక్టో, రాసిన వ్యాసమో, ఇచ్చిన ఉపన్యాసమో. 1998లో గూగుల్ పెట్టినప్పుడు లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌ల అసలు ఆలోచన ఏంటంటే, ఒక పేజీకి ఇంకో పేజీ ఇచ్చే లింకు ఓటులాంటిదని. ఇప్పుడు ఇంకా ఎన్నో లెక్కలు చేరాయి గానీ ఆ మూలసూత్రం పోలేదు. కాబట్టి మీ పేజీలన్నీ ఒకదానికొకటి లింకు ఇచ్చుకునేలా చూడండి. అలాగని లేని గొప్పలు రాయకండి. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టు ఉంటుంది. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

నాలుగోది, పాత రెజ్యూమెలు. మనవాళ్ల రెజ్యూమెల్లో తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరుతో సహా అడ్రసు ఉంటాయి. దాన్ని ఏదో షేరింగ్ సైటులో పెట్టి మర్చిపోతాం. మోసగాళ్లకి అంతకంటే ఏం కావాలి? వెతికి తీసేయండి. కోడు రాసేవాళ్లు గిట్‌హబ్ సెట్టింగుల్లో ఈమెయిల్‌ని దాచే వీలుందేమో చూసుకోండి. లేకపోతే ప్రతి కమిట్‌లోనూ అది బయటపడుతుంది.

చివరగా, మీ పేరు మీద గూగుల్ అలర్ట్ పెట్టుకోండి. కొత్తగా ఎక్కడైనా కనిపిస్తే మెయిల్ వస్తుంది.

ఇంత పనెందుకు, డబ్బిస్తే చెడ్డ ఫలితాలు మాయం చేస్తామనే ఏజెన్సీలున్నాయి కదా అంటారా? వాళ్లలో చాలామంది చేసేది కొత్త పేజీలతో పాతవాటిని కిందికి తోయడమే. అది మీరూ చేసుకోగలరు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి దొంగ కాపీరైట్ ఫిర్యాదులు పెడతారు. గూగుల్‌కి వెళ్లే అలాంటి ఫిర్యాదులు లూమెన్ అనే బహిరంగ డేటాబేసులోకి చేరుతుంటాయి. దాచాలనుకున్నదానికి అదే దండోరా అవుతుంది.

ఇప్పుడు ఇంకో మార్పు వచ్చింది. పేరు కొడితే లింకుల కంటే ముందు ఏఐ రాసిన నాలుగు వాక్యాల సారాంశం వస్తోంది. అది కూడా ఈ పేజీలనే చదివి చెబుతుంది. ఒకే పేరున్న ఇద్దరి వివరాలని కలిపేసి ఒకే మనిషిని చేసే ప్రమాదమూ ఉంది. మీ గురించి స్పష్టంగా రాసిన పేజీ ఒకటుంటే ఆ పొరపాటు తగ్గుతుంది, లేకపోతే దానికి దొరికిందే మీ చరిత్ర. ఉద్యోగం మారాలనుకున్నప్పుడు చూద్దాంలే అనుకోకండి. మావాడికి నాలుగైదు నెలలు పట్టింది. మీకూ ఆ మాత్రం పట్టొచ్చు, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.