మఱపును కొలుచు విద్య

ఇంటిలో పెద్దామె పులుసులో ఉప్పు రెండుమాఱులు వేసినచో మనము నవ్వి యూరకుందుము. కొన్ని నెలలకు ఆమె పొయ్యి ఆర్పుట మఱచును. కాపురమునకు బోయిన మనుమరాలి పేరు నాలుకపైకి రాదు. తాళపుచెవులు పోపులపెట్టెలో దొరకును. అప్పుడును “ముసలితనము గదా” యని సరిపెట్టుకొందుము. ఒకనాడామె అంగడికి బోయి తిరిగి యిల్లు చేరలేకపోయినప్పుడు గాని వైద్యుని జ్ఞాపకము రాదు. వైద్యుడు మెదడునకు ఎం.ఆర్.ఐ. చిత్రము తీయించును. మెదడెచట క్షీణించినదో ఆ చిత్రములో కనబడును. కాని ఆమె ఒంటరిగ వంట చేయవచ్చునా, మందుల లెక్క తానే చూచుకొనగలదా, ఆస్తిపత్రముమీద విషయము తెలిసి సంతకము చేయగలదా యను సంగతులు ఎంత మంచి చిత్రములోను కానరావు. ఆ ప్రశ్నలకు సమాధానము వెదకుటయే వృత్తిగా గలవారిని క్లినికల్ న్యూరోసైకాలజిస్టులందురు.

పేరు పొడవైనదే గాని భావము తేలికగనే యున్నది. మెదడును నరములను గూర్చిన విద్య యొకటి, మనస్సును గూర్చిన విద్య యొకటి; రోగి ప్రక్కన కూర్చుండి ఆ రెంటిని జతపఱచునది యీ వృత్తి. వీరు కత్తి పట్టరు. వీరియొద్దకు పోవుట యనగా పిచ్చి యని ముద్ర వేయించుకొనుట కాదు. ఆ భయముచేతనే మనవారనేకులు గడపదాక వచ్చి వెనుదిరుగుట విచారకరము. వీరి పనిముట్లు కాగితము, పెన్సిలు, రంగుల దిమ్మలు, గడియారము. వీనికంటె ముఖ్యమైనది ఓర్పు. ఆ ఓర్పు యెట్లలవడునో తెలియుటకు ఈ విద్యకు పునాది వేసినవారిలో నొక స్త్రీ కథ చెప్పెదను.

బ్రెండా మిల్నర్ 1918వ సంవత్సరమున ఇంగ్లండు దేశమునందలి మాంచెస్టరు నగరమున జన్మించెను. తండ్రి సంగీత విమర్శకుడు. కూతునకు తానే యింట చదువు చెప్పెను. ఆమె యెనిమిదేండ్ల ప్రాయమున నాయన కాలధర్మము నొందెను. 1936లో విద్యార్థి వేతనము సంపాదించి, గణితము చదువుటకై కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కళాశాలలో చేరెను. గణితమున తాను ముందు వరుసకు రాజాలనని తానే గ్రహించుకొని మనశ్శాస్త్రమునకు మాఱెను. ఇట్లు మాఱుటను మన యిండ్లలో “చదువు చెడినది” అందురు. ఆమె చదువు చెడలేదు. 1939లో పరీక్ష నెగ్గెను. అయితే ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు సంపూర్ణ పట్టము నిచ్చుట 1948లో గాని ప్రారంభింపలేదని మన సోదరీమణులు గుర్తుంచుకొనదగును.

అంతలో యుద్ధము వచ్చెను. విమానము నడుపగోరు యువకులలో ఎవరే విమానమునకు తగుదురో తేల్చు పరీక్షలమీద ఆమె పని చేసెను; పిదప రాడారు పరిశోధనకు బోయెను. అచట పీటర్ మిల్నర్ అను ఇంజనీరుతో పరిచయమై, 1944లో వివాహమాడి, భర్తతో కెనడా దేశమునకు తరలెను. మాంట్రియల్ నగరమున ఫ్రెంచి భాషలో పాఠములు చెప్పుచు ఏడేండ్లు ఉపాధ్యాయినిగ నుండెను. ఆ యుద్యోగముతో తృప్తిపడియున్నచో మనమీనాడామె పేరు వినియుండము. మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు డొనాల్డ్ హెబ్ అను ఆచార్యుడు వచ్చి, మెదడునకు ప్రవర్తనకు గల సంబంధమును గూర్చి గోష్ఠులు జరుపుచుండగా ఆమె పోయి వినెను. ముప్పదేండ్లు దాటిన పిదప తిరిగి విద్యార్థినియై డాక్టరు పట్టమునకు పూనుకొనెను. 1950లో హెబ్ ఆమెను మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూటులో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అను శస్త్రవైద్యుని యొద్దకు పంపెను. 1952లో పట్టము వచ్చెను.

పెన్‌ఫీల్డు మందులకు లొంగని మూర్ఛరోగమునకు శస్త్రచికిత్స చేయువాడు. కణతల లోపలి మెదడుభాగమున, ఒక ప్రక్కను, మూర్ఛకు మూలమైన చోటును తొలగించును. పెక్కుమందికి మేలే జరిగెను. కాని యిద్దఱు రోగులు మాత్రము చికిత్స పిమ్మట క్రొత్త సంగతి నొకదానినైన నిలుపుకొనలేకపోయిరి. ఒకే ప్రక్కను కోసినప్పుడు ఇంతటి నష్టమెట్లు కలిగెను? రెండవ ప్రక్క అంతకుముందే పాడైయుండునని మిల్నరు, పెన్‌ఫీల్డు ఊహించిరి. ఒక కన్ను చూపులేనిదని యెఱుగక రెండవదానికి కట్టు కట్టినట్లయినదన్నమాట. వారిలో నొకడు తరువాత మరణింపగా మెదడు పరీక్షించిరి; రెండవ ప్రక్క నిజముగనే కృశించియుండెను.

ఈ వార్త విని అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరమునుండి విలియమ్ స్కోవిల్ అను శస్త్రవైద్యుడు, తన రోగి యొకనికిట్లే జరిగినదని తెలిపెను. ఆ రోగి హెన్రీ మొలైసన్. బ్రతికియున్నంతకాలము శాస్త్రగ్రంథములలో హెచ్.ఎం. అను రెండక్షరములే అతని పేరు. 2008లో మరణించిన పిదపనే పూర్తిపేరు వెల్లడించిరి. మూర్ఛలచేత పని చేసికొనలేని స్థితిలోనున్న అతనికి 1953లో, ఇరువదియేడేండ్ల వయస్సున, స్కోవిల్ రెండు ప్రక్కలను హిప్పోకాంపస్ అను భాగమును, దాని పరిసరములను తొలగించెను. మూర్ఛలు తగ్గెను. కాని యేమి పోవునో ముందుగ ఎవ్వరును ఎఱుగరు. పరీక్షించి ముందే చెప్పు విద్య అప్పటికింకను పెంపొందలేదు.

1955 ఏప్రిలులో మిల్నరు అతనిని పరీక్షించెను. ఇది యే నెల యని యడిగినచో 1953 మార్చి యనెను, వయస్సు ఇరువదియేడనెను. తెలివి తగ్గలేదు. చికిత్సకు ముందు 104 గా నున్న బుద్ధిపరీక్ష లెక్క 112 అయ్యెను. మాట మర్యాద చక్కగ నున్నవి. కాని భోజనము చేసిన అరగంటకు తాను తిన్న పదార్థములలో నొకదానినైన చెప్పలేడు; అసలు తిన్నట్లే ఎఱుగడు.

1957లో స్కోవిల్, మిల్నర్ ప్రకటించిన పత్రములో నాకు మిక్కిలి నచ్చినది ఆ రోగి తల్లి చెప్పిన మాటలకిచ్చిన స్థానము. ఆ కుటుంబము అదే వీథిలో మఱియొక యింటికి మాఱినది. పదినెలలైనను కుమారునకు క్రొత్త చిరునామా రాలేదు. నిన్న వాడిన గడ్డికోత యంత్రమెచట నున్నదో ఈనాడు తల్లియే చెప్పవలయును. చదివిన పత్రికనే మరల మరల క్రొత్తదానివలె చదువును. ఏ కొలబద్దకును అందని యీ సంగతులు ఆ తల్లి కంటబడినవి. నేటికిని మంచి న్యూరోసైకాలజిస్టు రోగిని పరీక్షించుటకు ముందు ఇంటివారిని కూర్చుండబెట్టి ఇట్టి సంగతులే అడుగును. కాబట్టి రోగివెంట పోవునట్టి స్త్రీలు “ఏమో, మఱచిపోవుచున్నది” యని యొకమాటతో ముగింపక, ఎప్పుడు, ఏమి, ఎన్నిమాఱులు అని వ్రాసికొని పోవుట మంచిది.

మిల్నరొకమాఱు అతనికి 584 అను సంఖ్య చెప్పి గుర్తుంచుకొమ్మని బయటకు పోయెను. పావుగంటకు తిరిగి వచ్చునప్పటికి అతడు సంఖ్యను తప్పక చెప్పెను. ఎట్లనగా 5, 8, 4 కలిపిన 17. అందులో 8 తీసివేసిన 9. దానిని రెండు చేసిన 5, 4. ఇట్లు మనస్సులో త్రిప్పుకొనుచునే యుండెనట. మఱికొంతసేపటికి మాట మఱలగానే సంఖ్యయు పోయెను, త్రిప్పుకొన్న సంగతియు పోయెను. పట్టుకొనియున్నంతవఱకు నిలుచును, విడిచిన మాయమగును.

తరువాతి పరీక్ష యీ శాస్త్రమునే మలుపు త్రిప్పినది. అద్దములో ప్రతిబింబమును మాత్రమే చూచుచు, నక్షత్రపు బొమ్మయొక్క రెండు గీతల నడుమ పెన్సిలు నడుపవలయును. ఇది మనకును కష్టమే. చేయి ఎదురు దిక్కునకు పోవును. హెన్రీ మూడుదినములు సాధనచేసి, దినదినమునకు తప్పులు తగ్గించి, చక్కగ గీయగలిగెను. అయితే ఆ పని తానెన్నడైన చేసినట్లు అతనికి జ్ఞాపకము లేదు! మనస్సు మఱచినదానిని చేయి నేర్చుకొన్నది. జ్ఞాపకమొక్కటి కాదు, పలువిధములనుటకు ఇది నిదర్శనమైనది. హిప్పోకాంపస్ దెబ్బతిన్నవారికి నేటికిని దీనినాధారముగ గొని ఉపాయములు చెప్పుదురు. “తాళపుచెవులెచట బెట్టితివి?” యని దినమునకు పదిమాఱులు అడిగి బాధింపక, ప్రతిదినము అదే మేకునకు తగిలించునట్లు అలవాటు చేయింపుడని చెప్పుటలో మర్మమిదియే.

మిల్నరు శిష్యురాలు సుజాన్ కార్కిన్ హెన్రీని నలుబది యేండ్లకు పైగా పరిశీలించెను. మిల్నరునకు 2014లో కావ్లీ బహుమానము లభించెను. అంతకంటె ముఖ్యఫలము వేఱొకటి కలదు. నేడు మూర్ఛకు మెదడు కోయుటకు ముందు, ఏమి నిలుచునో యేమి పోవునో అంచనా వేయకుండ కత్తి పట్టరు. ఒకప్పుడు ఇందులకు జూన్ వాడా అను జపాను వైద్యుడు కనిపెట్టిన పరీక్ష తఱచు చేయుచుండిరి: మెదడులో సగమును కొన్ని నిమిషములు మందుతో నిద్రపుచ్చి, మేల్కొనియున్న సగముతో మాటాడి చూతురు. మనదేశమున తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థవారు 1995 నుండి మూర్ఛకు శస్త్రచికిత్సలు విరివిగ చేయుచున్నారు. అట్టిచోట్ల న్యూరోసైకాలజిస్టు మాటకు శస్త్రవైద్యునంతటివాడు ఆగవలసియుండును.

ఇక నీ విద్య నేర్చు మార్గము. అమెరికాలో 1997వ సంవత్సరమున హ్యూస్టన్ నగరమున జరిగిన సమావేశమున దీనికొక క్రమమేర్పఱచిరి. కళాశాల పట్టము పిమ్మట మనశ్శాస్త్రమున డాక్టరు పట్టము. అందులో భాగముగ నొక యేడాది ఆసుపత్రి శిక్షణ. పట్టము పిమ్మట మరల రెండేండ్లు న్యూరోసైకాలజీలోనే పెద్దల పర్యవేక్షణమున పని. ఉన్నత పాఠశాల దాటిన బాలికకు పండ్రెండేండ్లు పట్టిన ఆశ్చర్యము లేదు.

మనదేశమున మార్గము కొంత వేఱు. బెంగుళూరులో 1954లో స్థాపింపబడిన అఖిలభారత మానసికారోగ్య సంస్థయే 1974లో నింహాన్స్ అయినది. ఆసుపత్రులలో పనిచేయు మనశ్శాస్త్రజ్ఞులకు శిక్షణ చిరకాలమునుండి అచట జరుగుచున్నది. మొదట బి.ఏ. లేక బి.ఎస్సీ., పిదప మనశ్శాస్త్రమున ఎం.ఏ. లేక ఎం.ఎస్సీ., ఆపైన క్లినికల్ సైకాలజీలో రెండేండ్ల ఎం.ఫిల్., ఇది యిన్నాళ్ళును పరిచితమైన దారి. పట్టముల పేర్లు ఇటీవల మాఱుచున్నవి గనుక, 1992 నాటి శాసనముచే నేర్పడిన భారత పునరావాస మండలివారి గుర్తింపు ఆ శిక్షణకున్నదా యని చేరుటకు ముందే విచారించుకొనవలయును. ఆ గుర్తింపు లేని కాగితముతో మండలి పట్టికలో పేరెక్కదు. పేరెక్కనిదే క్లినికల్ సైకాలజిస్టుగ వృత్తి చేయరాదు. డబ్బు కట్టిన పిదప ఈ సంగతి తెలిసికొని కంటతడి పెట్టు బాలికలు కలరు. న్యూరోసైకాలజీయందు నైపుణ్యము ఆపైన నరముల వైద్యశాలలో పని చేయుచు, లేక పిహెచ్.డి. చేయుచు అలవఱచుకొనునది. ఇంటర్మీడియటులో జీవశాస్త్రము చదివియుండుట మేలు. లేకున్నను దారి మూసికొనిపోదు. వైద్యవిద్య చదువనక్కఱలేదు.

దినచర్య యెట్లుండును? ఒక్క రోగితో రెండు మూడు గంటలు. అంకెలు చెప్పి ముందునుండియు వెనుకనుండియు చెప్పించుట. చిన్న కథ వినిపించి అరగంటకు తిరిగి యడుగుట. ఒక నిమిషములో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కించుట. చిక్కు బొమ్మను చూచి గీయించుట. పిమ్మట ఆ లెక్కలను అదే వయస్సు, అదే చదువు గలవారి లెక్కలతో పోల్చుట. ఈ పోలికయందే అసలు చిక్కున్నది. బడికి పోని మన పల్లెటూరి పెద్దామెను ఇంగ్లీషు చదివిన దొరసానితో పోల్చినచో, ఆమెకు లేని రోగమును అంటగట్టినట్లగును. అందుచేతనే నింహాన్స్‌వారు 2004లో మనదేశపు స్త్రీపురుషులకు వయస్సు, చదువుల ననుసరించి వేఱు ప్రమాణములు ప్రకటించిరి. తరువాత భారత వైద్య పరిశోధనా మండలివారు తెలుగుతో గూడ ఐదు దేశభాషలలో పరీక్షలు సిద్ధపఱచిరి.

మనవారికి భాషలు పెక్కు వచ్చుటయు ఒక విశేషమే. హైదరాబాదు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి, సహచరులతో గూడి 648 మంది మతిమఱపు రోగులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించెను. ఒకే భాష వచ్చినవారికంటె రెండు భాషలు వచ్చినవారికి ఆ వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ మొదలైనదని తేలెను. అక్షరములు రానివారిలో సైతము ఈ తేడా కనబడినది. తెలుగు, హిందీ, దక్కనీ మాటలాడుచు సంతలో బేరమాడు హైదరాబాదు స్త్రీకి బడి చదువు లేకున్నను, మెదడునకు మాత్రము నిత్యసాధన జరుగుచున్నదన్నమాట.

అయితే పరీక్షించువారికి ఆ భాష, అందునను ఆ యింటిభాష, రావలయును. బొమ్మ చూపి పేరడిగినప్పుడు ఒకామె సొరకాయ యనును, మఱియొకామె ఆనపకాయ యనును. గుంటూరులో గోంగూర యన్నది తెలంగాణములో పుంటికూర. కాగితముపై నొక్క మాటయే అచ్చుపడియుండును. ఆ సంగతి యెఱుగనివారు రెండవ యామె చెప్పిన సరియైన మాటకు సున్న వేయుదురు. ఆ సున్నతో ఆమె ఇంటికి మఱపురోగియై తిరిగి వచ్చును.